వాగ్దాన కార్డులో యోబు 8:7 వచ్చింది. ఈ మాటను ఎలా పట్టుకోవాలి?

మన్నా_పాత్ర అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలండీ. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డుల (కొత్త ఏడాదికి ఒక్కో బైబిల్ వచనం రాసి ఉండే కార్డుల) గురించి అడుగుతున్నాను. మా ఇంట్లో నలుగురికి వచ్చినవి: యోబు 8:7, యిర్మీయా 29:11, ఫిలిప్పీ 4:13, హెబ్రీ 13:5. నాన్నగారు డయాలసిస్ మీద ఉన్నారు, తమ్ముడికి ఉద్యోగం లేదు, అప్పులున్నాయి. కార్డులు ఫ్రిజ్‌కి అతికించి మర్చిపోవడం కాకుండా, వాక్యంలోంచి నిజంగా బలం తెచ్చుకోవాలని ఉంది.

ఈ మాటలు మాకే అని ఎలా తెలుస్తుంది? "రోజూ నోటితో ఒప్పుకోండి (అంటే ఈ వాగ్దానం నాదే అని పైకి చెప్పండి), ఏడాది తిరక్కుండా నెరవేరుతుంది" అంటున్నారు, అది సరేనా? ఆసుపత్రిలో నాన్నగారి పక్కన కూర్చున్నప్పుడు ఏం చదవాలి?

బెరయ_వీధి:

వందనాలు. యోబు 8:7తోనే మొదలుపెడతాను. కొత్త సంవత్సరం బ్యానర్ల మీద తరచుగా కనిపిస్తుంది గానీ, అధ్యాయం తెరిచి చూసేవాళ్లు తక్కువ.

"నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." ఈ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుడు, షూహీయుడైన బిల్దదు. పదిమంది బిడ్డల్ని ఒక్కరోజులో పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న యోబుతో అంటున్నాడు. మూడు వచనాలు పైకి వెళ్లి 8:4 చూడండి: నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే పోయారేమో అంటాడు. 8:6లో, నువ్వు పవిత్రుడివైతే దేవుడు నీకోసం లేస్తాడు అని షరతు పెడతాడు. అంటే 8:7 ఓదార్పులా కనిపించే నింద. చివరికి 42:7లో దేవుడు ఎలీఫజు అనే మరో స్నేహితుడితో, నీమీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపంగా ఉంది, నా సేవకుడైన యోబులా మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు అంటాడు. ఆ ఇద్దరిలో ఒకడు ఈ బిల్దదే. జబ్బుతో ఉన్నవాళ్లింట్లో ఈ వచనం గోడకెక్కితే, "మనలో ఏదో పాపం ఉండబట్టే ఇంకా అభివృద్ధి రాలేదు" అన్న ఆలోచన కూడా వెనకే వస్తుంది. బిల్దదు తర్కమే అది.

అందుకని ఏ కార్డు వచ్చినా నోట్‌బుక్‌లో వచనం పైన రాసి, కింద నాలుగు సంగతులు రాసుకోండి. ఎవరు ఎవరితో అన్నారు? అప్పుడు వాళ్ల పరిస్థితి ఏంటి? "అయితే", "చేసినయెడల" లాంటి షరతు ఉందా? క్రొత్త నిబంధన ఈ మాటను మళ్లీ ఎక్కడైనా ఎత్తుకుందా? దీనికి కనీసం పది వచనాలు పైకి, పది కిందికి చదవాలి. పత్రికలైతే (సంఘాలకు రాసిన ఉత్తరాలైతే) మొత్తం చదివేయండి. ఫిలిప్పీ నాలుగే అధ్యాయాలు, అరగంట పని. ఫోన్ యాప్‌లో "నేటి వచనం" ఒక్కటే వస్తుంది కాబట్టి ముందూ వెనకా కనబడవు. ఈ పనికి అచ్చు బైబిలే హాయి.

ఇలా చదివితే యిర్మీయా 29:11 బలం ఇంకా పెరుగుతుంది. అది ఒక ఉత్తరంలోని వాక్యం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజైన యెకొన్యాను, అతనితో పాటు వేలమందిని బబులోనుకు పట్టుకుపోయాక, యిర్మీయా యెరూషలేము నుంచి ఎల్యాశా, గెమర్యాల చేతికిచ్చి పంపాడు. దానికి ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొస్తారని గుడిలో ప్రకటించాడు. జనానికి కావలసిన మాట అదే. యిర్మీయా ఉత్తరం మాత్రం 29:10లో డెబ్బై ఏళ్లు అంటుంది. నడివయసులో చెరపోయినవాళ్లు ఆ డెబ్బై ఏళ్ల అవతలి గట్టు చూడరని దాని అర్థం. మరి వాళ్లకేంటి? 29:5 నుంచి 7 వరకు ఉంది: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి పండ్లు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న 11వ వచనం ఈ పనులన్నిటి తర్వాత వస్తుంది.

అక్కడ "మీరు" అంటే ఒక జనం. మీ తమ్ముడి ఇంటర్వ్యూకి తారీఖు అందులో లేదు. చెరలో ఉన్నా దేవుడు తనవాళ్లను వదిలేయలేదన్న మాట ఉంది, ఈలోగా రోజువారీ బతుకు ఆపొద్దన్న ఆజ్ఞ ఉంది. మీ ఇంటికి పనికొచ్చేది ఆ రెండూ.

"ఒప్పుకుంటే నెరవేరుతుంది" అన్నదానికి జవాబు దానియేలు 9లో దొరుకుతుంది. 9:2లో, బబులోను చెరలో ఉన్న దానియేలు యిర్మీయా గ్రంథం చదివి డెబ్బై ఏళ్ల లెక్క తెలుసుకున్నాడు. "ఈ వాగ్దానం నాది" అని ప్రకటించుకుంటూ తిరగలేదు. 9:3లో ఉపవాసముండి, గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని ప్రార్థనకు కూర్చున్నాడు. 9:18లో, మా నీతికార్యాలను బట్టి కాదు, నీ మహా కనికరాన్ని బట్టే అడుగుతున్నాం అంటాడు. వాగ్దానం చేతిలో ఉన్నవాడు ఆజ్ఞాపించలేదు, అడిగాడు.

సీయోను_పాట:

బెరయ అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ ఒక్క మాట. యోబు చివర 42:12లో యెహోవా అతణ్ని మొదటికంటే ఎక్కువగా ఆశీర్వదించాడని ఉంది. గొర్రెలు 7,000 నుంచి 14,000, ఒంటెలు 3,000 నుంచి 6,000. బిల్దదు నోట వచ్చినా ఆ మాట జరిగింది కదా? ఎవరికైనా ఆ కార్డు చూసి కాస్త ధైర్యం వస్తే, దాన్ని చేతిలోంచి లాగేయడం ఎందుకు?

మన్నా_పాత్ర గారూ, మీ మిగతా రెండు కార్డుల గురించి నేను చెప్తాను.

ఫిలిప్పీ 4:13 "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" పరీక్ష హాల్‌టికెట్ల మీద, బైక్ స్టిక్కర్ల మీద కూడా ఉంటుంది. పౌలు అది బంధకాల్లో ఉండి రాశాడు (1:13). "సమస్తము" అంటే ఏంటో 4:12లో తనే చెప్పాడు: కడుపు నిండి ఉండటం, ఆకలితో ఉండటం, సమృద్ధిలో ఉండటం, లేమిలో ఉండటం. గెలుస్తాననే హామీ అది కాదండీ, లేమిలో కూడా కూలిపోకుండా నిలబడే బలం. ఇంకో సంగతి, 4:14లోనే "అయినను నా శ్రమలో మీరు పాలుపుచ్చుకొనుట మంచిపని" అంటాడు. ఎపఫ్రొదితు చేత వాళ్లు పంపిన సహాయం ఆయన తీసుకున్నాడు. క్రీస్తు బలపరుస్తాడు కాబట్టి మనుషుల సాయం అక్కర్లేదు అనేవాళ్లు ఈ వచనం దాకా రారు. సంఘంలో మీ పరిస్థితి చెప్పుకోవడానికి సిగ్గుపడకండి.

హెబ్రీ 13:5 అప్పులున్న ఇంటికి నేరుగా తగిలే మాట. "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అన్నది కార్డు మీద అచ్చవుతుంది, దాని ముందున్న "ధనాపేక్షలేనివారై మీకు కలిగినవాటితో తృప్తిపొందియుండుడి" అన్నది అచ్చవదు! మోషే ప్రజలతో (ద్వితీ 31:6), దేవుడు యెహోషువతో (యెహో 1:5) అన్న మాటను తీసుకొచ్చి పత్రిక రాసిన ఆయన డబ్బు భయం పక్కన పెట్టాడు. "నా సంగతి ఏమవుతుందో" అన్న భయంలోంచే కదా మనిషి డబ్బును పట్టుకు వేలాడేది. కాబట్టి ఈ వచనంతో ప్రార్థించేటప్పుడు అప్పు మొత్తం ఎంతో, వడ్డీ ఎంతో కాగితం మీద పెట్టుకుని ప్రార్థించండి. తెలియని లెక్కే ఎక్కువ భయపెడుతుంది.

బెరయ_వీధి:

సిస్టర్ గారూ, 42:12 మంచి పాయింటే. కాకపోతే యోబుకు అది బిల్దదు చెప్పిన దారిలో రాలేదు. దాచిన పాపం ఏదో ఒప్పుకున్నందుకు కాదు, 42:10 ప్రకారం తనను నిందించిన స్నేహితుల కోసం అతను ప్రార్థించాక వచ్చింది. ఇంకోటి, పశువులు రెట్టింపయ్యాయి గానీ పిల్లలు మళ్లీ పదిమందే పుట్టారు, పోయిన పదిమంది తిరిగి రాలేదు. "మహాభివృద్ధి" అని కార్డు మీద వేసేటప్పుడు ఆ సమాధుల సంగతి ఎవరూ గుర్తుచేయరు. ధైర్యం కావాలంటే అదే పుస్తకంలో 19:25 ఉంది, యోబు సొంత నోటి మాట: "నా విమోచకుడు సజీవుడు". కార్డు లాగేయమనడం లేదు, దాని స్థానంలో ఇది రాసుకోమంటున్నాను.

మన్నా_పాత్ర:

ఇద్దరికీ వందనాలు. ఇంకో సందేహం. పాత నిబంధనలో ఇశ్రాయేలుకు చెప్పినవి మనకు వర్తించవా మరి? కీర్తన 91 మేం రోజూ చదువుతాం.

బెరయ_వీధి:

వర్తిస్తాయి, క్రీస్తు ద్వారా. 2 కొరింథీ 1:20 ప్రకారం దేవుని వాగ్దానాలు ఎన్నున్నా అన్నిటికీ ఆయనలోనే "అవును". కాబట్టి ఒక మాట మనదాకా ఎలా వచ్చిందో ఆయన గుండా చూడాలి. యెహోషువకు చెప్పింది హెబ్రీ పత్రిక విశ్వాసులందరికీ ఇచ్చింది కాబట్టి అక్కడ సందేహమే లేదు. కనాను సరిహద్దుల వాగ్దానం చదివి ఊరి చివర ప్లాటు మనదే అనుకోవడం వేరు.

కీర్తన 91 తప్పకుండా చదవండి, కానీ మత్తయి 4:6 పక్కన పెట్టుకుని చదవండి. యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి కిందికి దూకమంటూ సాతాను ఎత్తింది ఈ కీర్తనే, దూతలు నిన్ను కాపాడతారనే 11, 12 వచనాలు. "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్క వాడి నోట రాలేదు. యేసు ఆ కీర్తన అబద్ధం అనలేదు, దూకి చూపించనూ లేదు. ద్వితీ 6:16 తీసి, దేవుణ్ని శోధించకూడదన్నాడు. ఆ వాగ్దానాన్ని నమ్మినవాడే సిలువకు కూడా వెళ్లాడు. "ఈ కీర్తన చదివిన ఇంటికి జబ్బు రాదు" అనేవాళ్ల దగ్గర ఈ సంగతికి జవాబు ఉండదు.

ఒలీవ_నూనె:

ఆసుపత్రి ప్రశ్న మిగిలిపోయింది, అది నేను తీసుకుంటాను.

డయాలసిస్ సాధారణంగా నాలుగు గంటలు పడుతుంది. చివరి గంటలో బీపీ పడిపోవడం, కాళ్లు పట్టేయడం ఎక్కువ. అప్పుడు చదవకండి, మొదటి గంటలో చదవండి. ఒకసారికి ఒక్క భాగమే, అయిదారు వచనాలు మించకుండా. కీర్తన 23 మొత్తం ఆరు వచనాలే. యెషయా 41:10 ఒక్కటే అయినా చాలు: "నీకు తోడైయున్నాను భయపడకుము". ఆయనకు పాత బైబిల్ భాష అలవాటైతే అదే చదవండి, చిన్నప్పటి నుంచి విన్న వరస కాబట్టి సగం ఆయనే పూర్తి చేస్తారు. పక్క బెడ్‌లో వేరేవాళ్లు ఉంటారు, గొంతు తగ్గించి.

"వాగ్దానం ఉంది, తప్పకుండా బాగైపోతారు" అని మాత్రం ఆయనకు మాట ఇవ్వకండి. పౌలు తన తోటి పనివాడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తన శరీరంలో "ముల్లు" అని పిలిచిన బాధను తొలగించమని మూడుసార్లు వేడుకుంటే ఆయనకు వచ్చింది "నా కృప నీకు చాలును" (2 కొరింథీ 12:9). స్వస్థత అడగడం ఆపొద్దు, తేదీ మాత్రం మీరు పెట్టొద్దు.

మందుల విషయంలో, చావుజబ్బు పడిన యూదా రాజు హిజ్కియా సంగతి చూడండి. యెషయా 38:5లో దేవుడు సూటిగా పదిహేనేళ్లు ఆయుష్షు ఇస్తానన్నాడు. ఇంతకంటే స్పష్టమైన వాగ్దానం ఉండదు. అయినా 38:21లో ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానమూ వైద్యమూ ఒకే మంచం దగ్గర ఉన్నాయి. కాబట్టి ఉపవాస ప్రార్థనకు తీసుకెళ్లినా మాత్రలు మాన్పించకండి, డయాలసిస్ రోజు వాయిదా వేయకండి. ఆయన ఉపవాసం ఉంటానంటే ముందు డాక్టర్‌ని అడగండి. ఉపవాసం విరమించేటప్పుడు కొబ్బరినీళ్లు, పండ్లరసం ఇస్తుంటారు. అందులోని పొటాషియం కిడ్నీలు పనిచేయనివాళ్ల గుండెకు ప్రమాదం. ఇది ముందే సంఘంలో వడ్డించేవాళ్లకు చెప్పి ఉంచాలి, ప్రేమకొద్దీ రెండో గ్లాసు కూడా పోస్తారు.

ఆయన కోపంగా ఉన్న రోజు కీర్తన 13 తీయండి. "యెహోవా, ఎంతవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. రెండు వచనాలు ఫిర్యాదు, రెండు వచనాలు మనవి, చివరి రెండు నమ్మిక. మొదటి నాలుగు చదివి ఆగిపోయినా ఫర్వాలేదు. ఇంకా చీకటిగా ఉంటే కీర్తన 88 ఉంది, దాని చివరి వచనం కూడా చీకటిలోనే ముగుస్తుంది. నమ్మిక మాట పైకి రాకపోయినా ఆ ప్రార్థన బైబిల్లోనే ఉంది. రోగికి ఇది తెలియడం పెద్ద ఊరట. పక్కన కూర్చున్నవాళ్లు వెంటనే, సమస్తమూ కలిసి మేలుకే జరుగుతాయనే రోమా 8:28 అందుకోకూడదు. అందుకుంటే 8:23లోని మూలుగు నుంచి మొదలుపెట్టి, "మేలు" అంటే దేవుని కుమారుని సారూప్యం, అంటే క్రీస్తు పోలికలోకి మారడం అని చెప్పే 8:29 దాకా చదవాలి.

మన్నా_పాత్ర:

చాలా వందనాలండీ. ఒక్కటి అడగడం మర్చిపోయాను. టీవీలో ఒకాయన, వాగ్దానం నెరవేరాలంటే విశ్వాస విత్తనంగా కానుక పంపమంటున్నారు. అమ్మ నాన్నగారి మందుల డబ్బులోంచి పంపుదామంటున్నారు.

సీయోను_పాట:

వద్దండీ. కానుక ఇవ్వడం వేరు, వాగ్దానానికి వెల కట్టడం వేరు. అపొ.కార్యములు 8:20 అమ్మగారితో కలిసి చదవండి. దేవుని వరాన్ని డబ్బుతో సంపాదించుకోవచ్చు అనుకున్న సీమోనుతో పేతురు, నీ వెండి నీతోకూడ నశించునుగాక అన్నాడు. అమ్మగారికి ఇవ్వాలని మనసుంటే 2 కొరింథీ 8:12 చూపించండి. ఉన్నదాన్ని బట్టే ఇవ్వడం దేవునికి ఇష్టం, లేనిదాన్ని బట్టి కాదు అని ఉంటుంది. మందుల డబ్బు కట్టేశాక మిగిలితే అప్పుడు ఆలోచించండి.