కంపెనీ ఫ్రీగా పంపిన క్రీము పడకపోతే, ఆ మాట బయటికి రాయాలా? తిప్పి పంపేసి ఊరుకోవాలా?

కాకినాడ కాటుక:
అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా తెలుగులో మేకప్ గురించీ చర్మం గురించీ బ్లాగు రాస్తున్నాను, వీడియోలు చేస్తున్నాను. పెద్ద పేరున్నదాన్ని కాదు. పడమటింటి కిటికీయే నా స్టూడియో. పొద్దున ఏడు నుంచి తొమ్మిది వరకు వెలుతురు బాగుంటుంది. సరిగ్గా అప్పుడే బాబు క్యారేజీ, అత్తయ్యగారి కుక్కర్ విజిళ్లు. లిప్‌స్టిక్ రంగులు చూపించడానికి ముంజేతి మీద ఇరవై గీతలు గీసి తుడుస్తాను, మళ్లీ గీస్తాను, మళ్లీ తుడుస్తాను. సాయంత్రానికి ఆ చోట చర్మం మండుతుంది. పన్నెండు గంటలు చెదరదని డబ్బా మీద రాసిన ఫౌండేషన్ మా సముద్రపు ఉక్కపోతకి రెండు గంటల్లో కారిపోతుంది. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెబుతాననే నా వీడియోలు చూస్తారు.

రెండు నెలల క్రితం ఒక కంపెనీ సీరం, సన్‌స్క్రీన్, నైట్ క్రీము పంపింది. ఒక రీల్, ఒక రివ్యూ. మొత్తం 6,000 రూపాయలు, అందులో 3,000 అడ్వాన్సు. నైట్ క్రీము రాసిన నాలుగో రోజుకే ముఖం తేటపడింది. ఇరవై ఐదు రోజులు వాడాను. తర్వాత పుట్టింటికి వెళ్తూ ట్యూబు మరిచిపోయాను. మూడో రోజుకి బుగ్గలు ఎర్రగా కందిపోయి, నీళ్లు తగిలినా మంట. తిరిగొచ్చి మళ్లీ రాస్తే తెల్లారేసరికి తగ్గిపోయింది. అప్పుడు భయమేసింది. ట్యూబు తిప్పి చూస్తే అందులో ఏమేం కలిపారో జాబితా లేదు, తయారీ లైసెన్సు నంబరు లేదు.

కంపెనీని అడిగితే, "మీ స్కిన్‌కి పడలేదేమో మేడమ్. క్రీము సంగతి వదిలేయండి, సీరం గురించి బాగా రాయండి, మిగతా 3,000 వేస్తాం" అన్నారు. డబ్బు, సరుకు తిప్పి పంపేసి ఊరుకో అని మావారంటున్నారు. రాయాల్సిందే అని మా చెల్లి. మీరేమంటారు?

నెల్లూరు నెమలి:
ఊరుకోమనే నేనంటాను చెల్లెమ్మా. ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. ఒకసారి ఒక హెయిర్ ఆయిల్ గురించి జుట్టు జిడ్డుగా అయిందని రాసినందుకు లాయర్ నోటీసు వచ్చింది. పోస్టు తీసేసినా లాభం లేకపోయింది. మరో మూడు కంపెనీలు నన్ను లిస్టులోంచి తీసేశాయి. ఇంటి అద్దెకి నా సంపాదనే ఆధారమైన రోజులవి. ఒక్కరి చర్మానికి జరిగింది చూసి ప్రొడక్టు చెడ్డదని ఎలా అంటాం? బాగున్నవాటి గురించి రాద్దాం, బాగోలేనివి వదిలేద్దాం. మనం కోర్టులం కాదు, ల్యాబులమూ కాదు.

మానేరు తీరం:
నేను బ్లాగర్‌ని కాను, చూసి కొనేదాన్ని. మాది కరీంనగర్. నా పెళ్లికి నెల ముందు ఒకామె వీడియో చూసి 1,800 పెట్టి క్రీము కొన్నాను. ముఖమంతా పొట్టు లేచింది. పెళ్లి ఫోటోల్లో నా బుగ్గల మీద మందంగా కనిపించేది అందం కోసం వేసింది కాదు, మచ్చలు కప్పడానికి వేసింది. తర్వాత ఆమెకి మెసేజ్ పెడితే ఏమందో తెలుసా? "నాక్కూడా పడలేదు రా, అందుకే మళ్లీ దాని గురించి వీడియో చేయలేదు."

నెమలి గారూ, మీరు వదిలేద్దాం అంటున్నది ఇదే. ఆమె వదిలేసింది. నాకు ఆ సంగతి తెలిసే దారేది?

నెల్లూరు నెమలి:
మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆమె ముందు పొగిడి తర్వాత ఊరుకుంది. ఈ చెల్లెలు ఇంకా ఏమీ రాయలేదు కదా. రెండూ ఒకటి కావు.

సున్నిపిండి వదిన:
హనుమకొండలో ఇంట్లో సబ్బులు, సున్నిపిండి తయారు చేసి అమ్ముతాను. లైసెన్సు తీసుకునే చేస్తున్నాను, ఆ నంబరు ప్రతి రేపర్ మీద ఉంటుంది. కిందటేడు ఒకమ్మాయి నా సబ్బు వల్ల దద్దుర్లు వచ్చాయని వీడియో పెట్టింది. ఆ వీడియోలోనే ముందుగా ముఖానికి నిమ్మరసం రుద్దుకుంది! నిమ్మరసం ఎంత పులుపు, అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం ఏమవుతుంది? నల్లటి మచ్చలు, బొబ్బలు రావచ్చు. ఆ నెల నా ఆర్డర్లు సగానికి పడిపోయాయి. నాతో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లకి జీతం ఇవ్వడానికి చీటీ పాడాను.

రాయొద్దని నేనను. రాసే ముందు ఇంకేం వాడారో, ముందు కొంచెం చర్మం మీద రాసి చూసే ప్యాచ్ టెస్ట్ చేశారో లేదో, తయారుచేసినవాళ్లు ఏమన్నారో అన్నీ రాయండి. ఒక్క క్రీము పేరు మాత్రం పెట్టి తిట్టేస్తే మాలాంటివాళ్లని కూడా అదే గాటన కట్టేస్తారు.

కాకినాడ కాటుక:
వదినగారూ, మీ మాట న్యాయం. పొద్దున సీరం, సన్‌స్క్రీన్, రాత్రి ఆ క్రీము. ఇంకేమీ వాడలేదు. చెవి వెనక రాసి రెండు రోజులు చూశాను, దురద కూడా రాలేదు. నాకు అర్థం కానిది కూడా అదే.

స్కిన్ ఓపీ గుంటూరు:
చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నాను. రోజూ ఓపీలో చూసేది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నాలుగు రోజుల్లో తేటపడటం, మానితే ఎర్రబడి మండటం, మళ్లీ రాస్తే ఒక్క రాత్రిలో తగ్గిపోవడం. ఈ మూడూ వరుసగా చెబితే మేము మొదట అనుమానించేది స్టిరాయిడ్‌ని. బీటామెథసోన్, క్లోబెటసాల్ లాంటివి. ఇవి చెడ్డ మందులు కావు. తామర లాంటి ఫంగస్ జబ్బులకి రాస్తే ముదురుతాయి కానీ, ఎగ్జిమా లాంటి వాటికి కొలత ప్రకారం కొన్నాళ్లు మేమే రాస్తాం. ముఖానికి ఫెయిర్‌నెస్ క్రీములా నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలతాయి, మొటిమలు వస్తాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు కూడా పెరుగుతాయి. అందుకే 2018లో కేంద్రం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని మార్చింది.

ప్యాచ్ టెస్ట్‌లో ఏమీ రాలేదన్నారు. స్టిరాయిడ్ ఉంటే రాదు. దురదనీ ఎరుపునీ అణచడమే దాని పని. ఆ పరీక్షలో అది అన్నిటికంటే మెత్తని క్రీములా కనిపిస్తుంది.

ఇంకో అనుమానం పాదరసం. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో అది పొరపాటున చేరినా 1 పీపీఎం, అంటే పది లక్షల్లో ఒక వంతు, దాటకూడదు. కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య ఒక ప్రత్యేక రకం కిడ్నీ జబ్బు 15 మందిలో గుర్తిస్తే, వాళ్లలో 13 మంది తెల్లబడే క్రీములు వాడినవాళ్లు.

అయితే మీ ట్యూబులో ఇవి ఉన్నాయని నేనిక్కడ కూర్చుని చెప్పలేను, మీరూ రాయకండి. జరిగింది జరిగినట్టు, తేదీలతో రాయండి. లేబుల్ మీద ఏం లేదో ఫోటోతో చూపించండి. ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఆ ట్యూబు తిప్పి పంపకండి. అదొక్కటే ఆధారం. డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ముఖానికి సొంత వైద్యం మానేసి డాక్టర్‌కి చూపించుకోండి.

లెక్కల మాస్టారు:
నేను అకౌంట్లు చూసేవాణ్ణి. ఈ పనిలో ఉన్న అమ్మాయిల లెక్కలు కొన్ని చూస్తుంటాను కాబట్టి చెబుతున్నా.

డబ్బు తీసుకున్నా, సరుకు ఉచితంగా తీసుకున్నా ఆ సంగతి చూసేవాళ్లకి చెప్పాలి. కేంద్ర వినియోగదారుల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి. వీడియో తెలుగులో ఉంటే ఆ మాట కూడా తెలుగులోనే ఉండాలి. ట్యాగుల గుంపులో ఎక్కడో ఇరికిస్తే చెల్లదు. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవాళ్లకి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. ఏడాది పాటు ఏ ప్రకటనా చేయకూడదని కూడా ఆపవచ్చు. సరుకు గురించి తగినంత విచారించే చెప్పానని చూపించగలిగితే ఆ చట్టమే కాపాడుతుంది. అందుకని కంపెనీతో నడిచిన మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరిపేయకండి.

నెమలి గారు అగ్రిమెంటు సంగతి ఎత్తలేదు కానీ, చెడుగా రాయకూడదని అందులో ఏమైనా ఉందా? ఉంటే సంతకం చేసిన కాగితం ఒకసారి లాయర్‌కి చూపించండి.

మానేరు తీరం:
కాటుక గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీరు ఇంకా ఏమీ రాయలేదని నెమలి గారన్నారు. నిజంగానే ఏమీ పెట్టలేదా? స్టోరీ కూడా?

కాకినాడ కాటుక:
పెట్టాను.

నిన్నటి నుంచి ఆ మాట రాయాలని చూస్తున్నాను, చేతులు రాలేదు. ఐదో రోజు అద్దంలో చూసుకుని స్టోరీ పెట్టాను. "ఫిల్టర్ లేదు, ఇది నా ముఖమే" అని. ఇరవై నాలుగు గంటలు ఉండి పోయింది. పెయిడ్ అని కూడా వేయలేదు, రీల్‌కి వేస్తే చాలనుకున్నాను.

నాది చామనఛాయ. "నువ్వే నల్లగా ఉన్నావు, మాకేం చెబుతావు" అని నాలుగేళ్లుగా కామెంట్లలో చదువుతున్నాను. మన రంగుకి సరిపోయే షేడ్లు వెతికి చూపించడం కోసమే ఈ పని మొదలుపెట్టాను. తెల్లబడే క్రీముల మీద రెండు పోస్టులు కూడా రాశాను. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి ఫెయిర్ తీసేసింది కదా, పేరు మారితే సరిపోదని రాసింది నేనే. అలాంటిదాన్ని, ఆ రోజు అద్దంలో ముఖం తేటగా కనిపిస్తే సంతోషపడ్డాను. చాలా సంతోషపడ్డాను. ఆ సంతోషంలో ట్యూబు వెనక్కి తిప్పి చూడలేదు. ఐదు రోజుల్లో ఏ క్రీమూ రంగు మార్చదని ఊరందరికీ చెప్పేదాన్ని, నా ముఖం దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను.

లింకు అడిగినవాళ్లు పద్నాలుగు మంది. అందరికీ పంపాను.

నెల్లూరు నెమలి:
అయితే నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నా. స్టోరీ పెట్టాక ఊరుకోవడం కుదరదు. ముందు ఆ పద్నాలుగు మందికీ విడివిడిగా మెసేజ్ పెట్టు, పోస్టు తర్వాత.

అయినా ఒక మాట మీద నేను ఇంకా నిలబడుతున్నాను. పడని ప్రతిదాని గురించీ రాయాలనడం పెద్ద ఛానెళ్లవాళ్లకి చెల్లుతుంది. ఒక్క నోటీసుతో ఇల్లు గడవని పరిస్థితి వచ్చేవాళ్లకి, లిప్‌స్టిక్ త్వరగా పోయిందనే మాట కోసం అంత తెగించమని నేను చెప్పలేను. దెబ్బ తగిలేది వేరు, నచ్చకపోవడం వేరు.

సున్నిపిండి వదిన:
ఆ తేడా నాకు నచ్చింది నెమలీ. జుట్టు జిడ్డయితే తల రుద్దుకుంటాం. ముఖం కాలితే ఎక్కడికి పోతాం? లైసెన్సు నంబరు లేనివాళ్ల గురించి రాస్తే నాకేం బాధ లేదు. నంబరు కోసం నేను కాళ్లరిగేలా తిరిగాను.

మానేరు తీరం:
నాకు మాత్రం త్వరగా పోయే లిప్‌స్టిక్ గురించీ తెలియాలి. నా 600 రూపాయలు కూడా డబ్బే కదా. అందరినీ తిట్టమనడం లేదు, "నా దగ్గర రెండు గంటలే ఉంది" అని ఒక్క వాక్యం చాలు. కాటుక గారూ, మీరు ఒప్పుకుని రాసినందుకు థాంక్సండీ. నాకు క్రీము చూపించినామె ఈ మాట అనలేదు.

కాకినాడ కాటుక:
నాలుగు రోజులైంది, ఏం చేశానో చెబుతాను. 3,000 తిప్పి వేశాను. సీరం, సన్‌స్క్రీన్ తిప్పి పంపాను, ట్యూబు ఉంచుకుని ఫిర్యాదు ఇచ్చాను. అగ్రిమెంటు వాట్సాప్‌లో మెసేజ్‌లే, చెడుగా రాయొద్దని అందులో లేదు. పోస్టులో తేదీలు, లేబుల్ ఫోటో, కంపెనీ జవాబు, నా స్టోరీ సంగతి, తీసుకున్న డబ్బు అన్నీ రాశాను. స్టిరాయిడ్ అన్న మాట రాయలేదు. రెండు వందల మందికి పైగా ఫాలో మానేశారు. వాళ్లలో కొందరు నాతో మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్లు.

పద్నాలుగు మందిలో ఇద్దరు క్రీము కొన్నారు. ఒకామె ఇంకా విప్పలేదట. ఇంకో అమ్మాయి పిఠాపురం, డిగ్రీ చదువుతోంది. మూడు వారాలుగా రాస్తోంది. మానేస్తే మళ్లీ నల్లబడతానేమో అక్కా అని ఏడ్చింది.

స్కిన్ ఓపీ గుంటూరు:
ఆ అమ్మాయిని ఒక్కసారిగా మానేసి ఇంట్లో కూర్చోనివ్వకండి. మంట తట్టుకోలేక మళ్లీ అదే రాస్తారు. ఎలా ఆపాలో డాక్టర్ చూసి చెప్పాలి. ఎవరైనా తీసుకెళ్లేవాళ్లు ఉన్నారా?

కాకినాడ కాటుక:
ఇంట్లో చెప్పలేదట. రేపు పొద్దున బస్సుకి కాకినాడ వస్తోంది. జీజీహెచ్‌లో, అదే ప్రభుత్వాసుపత్రిలో, స్కిన్ ఓపీకి ఇద్దరం కలిసి వెళ్తున్నాం, నా ముఖం కూడా చూపించుకుంటాను. తన ట్యూబు తెచ్చుకోమన్నాను.