ట్రిస్కెల్ వేస్తే వైఫై పోతోంది, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
అన్నా, ఉబుంటు తీసేసి మొత్తం ఫ్రీ సాఫ్ట్‌వేరే (ఉచితమని కాదు, సోర్సు కోడ్ తెరిచి ఉండి ఎవరైనా మార్చుకోగలిగేది) ఉండే ట్రిస్కెల్ అనే లైనక్స్ వేద్దామని గట్టిగా అనుకున్నా, ఇన్‌స్టాల్ చెయ్యకుండానే లైవ్ యూఎస్‌బీ నుంచి నడిపి చూస్తే స్క్రీన్, సౌండ్, టచ్‌ప్యాడ్ అన్నీ బానే ఉన్నాయి కానీ వైఫై అసలు కనపడట్లేదు, కెర్నెల్ (సిస్టమ్ మూల ప్రోగ్రామ్) లాగ్‌లో 'మిస్సింగ్ ఫ్రీ ఫర్మ్‌వేర్' అని వస్తోంది. వైఫై కార్డు ఇంటెల్‌ది. కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేదు. దారి ఉందా?

రిప్లై 1:
కంగారుపడకు తమ్ముడూ, కార్డు పాడవలేదు. ట్రిస్కెల్‌లో ఉండేది లైనక్స్-లిబ్రే కెర్నెల్, సోర్సు ఇవ్వని ఫర్మ్‌వేర్‌ని (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) అది లోడ్ అవ్వనివ్వదు, ఇంటెల్ వైఫైకి డ్రైవర్ (కార్డుతో సిస్టమ్ మాట్లాడే ప్రోగ్రామ్) ఓపెనే అయినా కార్డులోకి ఎక్కే ఫర్మ్‌వేర్ క్లోజ్డ్. అథెరాస్ ఏఆర్9271 చిప్ ఉన్న యూఎస్‌బీ డాంగిల్ (బయట గుచ్చే చిన్న వైఫై పరికరం) తీస్కో, దాని ఫర్మ్‌వేర్ సోర్సు 2013లోనే బయటపెట్టారు. దాంట్లో 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే వస్తుంది, 5 గిగాహెర్ట్జ్ రాదు. కొనేముందు చిప్ నంబర్ అడుగు, అదే మోడల్ పేరుతో వెర్షన్ మారితే లోపల చిప్పే వేరేది ఉండొచ్చు.

రిప్లై 2:
లోపలి కార్డే మార్చాలంటే ఏటీహెచ్9కే డ్రైవర్‌తో నడిచే పాత అథెరాస్ కార్డులకి ఫర్మ్‌వేరే అక్కర్లేదు, కాకపోతే కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే ప్రోగ్రామ్) తన లిస్టులో లేని కార్డు పెడితే బూటే అవ్వనివ్వదు, ముందు అది కనుక్కో. డాంగిల్ వచ్చేదాకా ఫోన్‌ని కేబుల్‌తో కలిపి దాని నెట్ వాడుకునే యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకో.

రిప్లై 3:
నేనైతే డెబియన్ 12 అనే ఇంకో లైనక్స్ వేస్కోమంటా, ఇన్‌స్టాలర్‌లోనే ఆ క్లోజ్డ్ ఫర్మ్‌వేర్ ఉంటుంది, మిగతాదంతా ఫ్రీయే.

రిప్లై 1:
అది మంచిదే అండీ, కానీ తమ్ముడు అడిగింది పూర్తి ఫ్రీ గురించి. చిన్న డాంగిల్‌తో అయ్యేదానికి ఆ పట్టు వదలక్కర్లేదు.