పాలమూరులో రెండ్రోజులు: పచ్చదనం, నీళ్లు చూడాలి, హలాల్ భోజనం దొరకాలి. ప్లాన్ చెప్పండి

టీడీగుట్ట అక్క:
అందరికీ నమస్తే. మా ఆయనతో ఇంతకుముందు పుణెలో పనిచేసిన ఒకాయన నవంబర్‌లో కుటుంబంతో వస్తున్నరు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న వాళ్లమ్మ. "మాల్స్ వద్దు, కోటలు వద్దు, చెట్లూ నీళ్లూ చూపించండి చాలు" అన్నరు. రూం మహబూబ్‌నగర్‌లోనే తీసుకున్నరు. శనివారం మధ్యాహ్నానికి దిగుతరు, ఆదివారం రాత్రికి తిరుగు ప్రయాణం.

వాళ్లు హలాల్ విషయంలో గట్టిగా ఉంటరు. మేమూ మటన్ తింటం గానీ, కోసింది ఎవరని ఎన్నడూ అడగలే. కాబట్టి నాకు ఏం తెల్వదు. నేను రాసుకున్న లిస్టు ఇది: పిల్లలమర్రి, అప్పన్నపల్లి దగ్గరి ఎకో పార్కు, సోమశిల, ఫరహాబాద్, నాగార్జునసాగర్. ఇందులో ఏవి ఉంచాలె, ఏవి తీసేయాలె? ఊరి బయటికి పోయినప్పుడు వాళ్లకు తిండి ఎట్ల?

ట్రావెల్స్ డ్రైవర్:
అక్కా, ఈ లిస్టు పట్టుకుని బయల్దేరితే వాళ్లు పాలమూరు కాదు, నా కారు వెనక సీటు చూసి పోతరు. సోమశిల ఒక దిక్కు, సాగర్ ఇంకో దిక్కు. సోమశిలకు నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా పోవాలె, రానుపోను ఒక రోజు దానికే. సాగర్ ఇంకా దూరం. పెద్దావిడ మోకాళ్లు కూడా చూసుకోవాలె కదా. నన్నడిగితే శనివారం ఊర్లనే తిప్పండి, ఆదివారం ఒక్కటే నీళ్ల జాగ పెట్టుకోండి. జూరాల, కృష్ణ మీది డ్యాం. ఆత్మకూరు మీదుగా గంటన్నర, పొద్దుపోకముందే వాపస్ రావొచ్చు.

నల్లగొండోడు:
సాగర్‌ను అట్ల తీసిపారేయకు అన్నా. అంత నీళ్లు, కొండలు, లాంచీ ప్రయాణం పిల్లలు ఇంకెక్కడ చూస్తరు? కాకపోతే రూం మహబూబ్‌నగర్‌లో కాదు, మా నల్లగొండలో తీసుకోవాలె. ఇక్కడికెళ్లి 60 కిలోమీటర్లకు అటుఇటుగా. గడియారం సెంటర్ చుట్టుపక్కల బిర్యానీకి కొదవ లేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, నాగార్జునకొండ మ్యూజియంకు శుక్రవారం సెలవు. జుమా (శుక్రవారం మధ్యాహ్నం నమాజ్) చదువుకుని తీరిగ్గా పోదాం అనుకునేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడుతది. ఎత్తిపోతల జలపాతం బాగుంటది గానీ అది నది అవతల, ఆంధ్ర దిక్కు. రూం బుక్కయిందంటున్నరు కాబట్టి ఈసారికి వదిలేయండి.

రిటైర్డ్ ఫారెస్ట్:
అమ్మా, ఫరహాబాద్ గురించి నేను చెప్తాను. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి వస్తుంది, మొత్తం 2611 చదరపు కిలోమీటర్ల అడవి. మన్ననూరు దాకా మీ బండిలో వెళ్లొచ్చు, లోపలికి మాత్రం అటవీశాఖ వాహనంలోనే తీసుకెళ్తారు. వానాకాలంలో సఫారీ ఉండదు, నవంబర్‌లో అయితే అడవి కడిగిన ఆకులా ఉంటుంది. కానీ మీ దగ్గరి నుంచి మన్ననూరు చేరేసరికే రెండు గంటలు దాటుతుంది, ఆపైన కుదుపుల దారి. మల్లెలతీర్థం జలపాతం అయితే మెట్లు దిగాలి, అంతకంటే కష్టం మళ్లీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న మనిషిని పైన బండిలో కూర్చోబెట్టి మిగతావాళ్లు దిగడం నాకు నచ్చదు.

ఇంకోమాట, శ్రీశైలం రోడ్డు అడవిలో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఆదివారం రాత్రి రైలుందని హడావుడిగా పోయిరావడానికి అది పనికిరాదు. ఎప్పుడన్నా విడిగా ఒక రాత్రి మన్ననూరులో ఉండేలా రమ్మనండి. అప్పుడు తిండి మీరే కట్టుకుపోవాలి, ప్లాస్టిక్ కవర్లు, సీసాలు లేకుండా.

పాలమూరు భాయ్:
అక్కా, సలాం. తిండి సంగతి నేను చెప్తా, కొంచెం లంబా అయితది.

ఊర్ల ఫికర్ లేదు. గడియారం చౌరస్తా దిక్కు మా ముస్లింల హోటళ్లు ఉన్నయి, మాంసం ఖురేషీల, అంటే మా కసాయిల, దుకాణాల నుంచి వస్తది. ఊరి బయటనే ఆలోచించాలె. మటన్ కంటే చికెన్‌తోనే ఎక్కువ తకలీఫ్. యాట కోసేటప్పుడు ముల్లాను పిలిచే ఆనవాయితీ మన పల్లెల్ల శానా చోట్ల ఉంది, హిందువుల ఇళ్లల్ల దావత్ అయినా సరే. కోడికి అంత పట్టింపు ఉండదు. చికెన్ సెంటర్ల పనిచేసే పిలగాడు గొంతు కోసి డ్రమ్ముల వేస్తడు, అల్లా పేరు తీసుకున్నడా లేదా ఎవరికి తెల్సు? దాబా ఆయన "అంతా హలాలే సార్" అంటడు, ఆయన అబద్ధం ఆడుతున్నట్టు కాదు, ఆయనకూ తెల్వదు. అందుకే "హలాలా?" అని అడగొద్దు. "చికెన్ ఏ దుకాణంల తెస్తరు, కోసేది ఎవరు?" అని అడగండి. పేరు టక్కున చెప్తే ఒక లెక్క, "మార్కెట్ల తెస్తం" అంటే ఇంకో లెక్క. గోడ మీద హలాల్ బోర్డు ఉన్నా ఈ మాట అడగాలె.

బార్ అండ్ రెస్టారెంట్ అని ఉంటే లోపలికే పోవద్దు. పక్కన మందు టేబుల్ ఉంటే వెజ్ పెట్టినా పెద్దావిడకు ముద్ద దిగదు.

జూరాల మంచి ఆలోచన, ఎందుకంటే అక్కడ తినేది చేపలు. చేపకు జిబహ్ (అల్లా పేరు తీసుకుని గొంతు కోసుడు) అవసరం లేదు, ఎవరు పట్టినా ఎవరు కోసినా హలాలే. డ్యాం దగ్గర చేపలు వేయించి అమ్ముతరు, పక్కన జొన్నరొట్టె. చూసుకోవాల్సింది కడాయి. అదే నూనెల పొద్దుగాల చికెన్ వేయించి ఉంటే మనకు పనికిరాదు. చికెన్ అమ్మని బండి చూసుకోండి, లేదంటే కొత్త నూనె పోయించండి, నాలుగు రూపాయలు ఎక్కువిస్తే కాదనరు. రొయ్యలు చెప్పేముందు వాళ్లను అడగండి, మాల హనఫీ పద్ధతి పాటించేటోళ్లల్ల కొందరు తినరు.

టీడీగుట్ట అక్క:
భాయ్, చాలా థ్యాంక్స్. నూనె సంగతి నా బుర్రకు తట్టనే తట్టలేదు. ఇంకో రెండు సందేహాలు. శనివారం రాత్రి భోజనానికి మా ఇంటికి పిలుద్దామనుకుంటున్న. మా గిన్నెల్లో వండితే తింటరా? నమాజ్‌కు ఎట్ల మరి, దారిలో ఎక్కడన్నా ఆపాలా?

పాలమూరు భాయ్:
గిన్నెలు కడిగినవైతే శానా మంది తింటరు. కొందరు ఇంకా పట్టింపు మనుషులుంటరు, అందుకే ఫోన్ చేసి నేరుగా అడిగేయండి, ఏం అనుకోరు. అడగకుండా అన్నీ వండిపెట్టి ఎదురుగా కూసోబెడితేనే ఇబ్బంది. తెలిసిన ఖురేషీ దుకాణంల మటన్ తెచ్చి బగారా అన్నం, దాల్చా చేయండి. మటన్ మీద నమ్మకం కుదరకపోతే ఖబూలీ చేయండి, శనగపప్పు బిర్యానీ, అందులకు మాంసం అక్కరలేదు. పిల్లలకు జెల్లీ, మార్ష్‌మాలో లాంటివి కొనొద్దు, అందుల జెలటిన్ ఏ జంతువుదో ఎవరు చూసొచ్చిన్రు. డబుల్ కా మీఠా చాలు.

నమాజ్‌కు పెద్ద కష్టం లేదు. జానిమాజ్ (నమాజ్ చదివే చాప) వాళ్లే తెచ్చుకుంటరు. మీరు వజూకు (నమాజ్ ముందు కాళ్లుచేతులు, మొహం కడుక్కునేందుకు) రెండు మూడు లీటర్ల నీళ్లు వేరే క్యాన్‌ల బండ్ల పెట్టండి. నవంబర్‌ల పొద్దు తొందరగా కూకుతది, 5:40 అటుఇటుగా మగ్రిబ్, అంటే పొద్దుకూకినంక చదివే నమాజ్. అసర్ (సాయంత్రం నమాజ్) జూరాల కాడనే చదివి బయల్దేరితే మగ్రిబ్‌కు ఏదో ఊర్ల మసీదు దగ్గర ఆపొచ్చు. పెద్దావిడకు కూసోని చదవడానికి ఒక మడత కుర్చీ ఉంటే మంచిది.

పిల్లలమర్రి మాత్రం మర్చిపోవద్దు. ఆ చెట్టు కింద దర్గా ఉంది, పెద్దావిడ దువా చేసుకుంటా అంటే చూపించండి. అడగకుండా తీసుకపోవద్దు, కొందరు దర్గాలకు పోరు.

రిటైర్డ్ ఫారెస్ట్:
పిల్లలమర్రి అన్నారు కాబట్టి ఒకమాట. ఏడు వందల ఏళ్లు దాటిందంటారు, మూడెకరాలకు పైగా పాకింది. దూరం నుంచి చూస్తే చిన్న గుట్టలా కనిపిస్తుంది, దగ్గరికి పోతే ఏది మొదటి కాండమో తెలియదు. 2017 చివర్లో చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగింది. అప్పుడు ఆసుపత్రిలో మనిషికి పెట్టినట్టు కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి మందు చుక్కచుక్కగా ఎక్కించారు, ఊడలకు ఆనుడు కట్టారు. అందుకే సందర్శకులను ఊడల మీద ఊగనివ్వరు. పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే వచ్చీరాగానే వేలాడుతారు. చెట్టు చూడాలంటే సాయంత్రం నాలుగు గంటల వెలుతురు బాగుంటుంది.

ఎకో పార్కు 2087 ఎకరాలు. అంతా నడవాలనుకోవద్దు. గేటుకు దగ్గరగా ఉన్నంత మేర చూసి రండి.

ట్రావెల్స్ డ్రైవర్:
అయితే లెక్క కుదిరింది అక్కా. శనివారం రూంల దిగి, జొహర్ (మధ్యాహ్నం నమాజ్) చదివి, తిని కాసేపు పడుకోనీయండి. నాలుగింటికి పిల్లలమర్రి, మగ్రిబ్‌కు ఊర్లకు, రాత్రి మీ ఇంట్ల. ఆదివారం పొద్దుగాల ఏడింటికి ఎకో పార్కు, ఎండ ఎక్కకముందే అయిపోవాలె. తొమ్మిదిన్నరకు జూరాల బాట పట్టుదాం. దేవరకద్ర దాటినంక టైం మిగిలితే కోయిల్‌సాగర్ దిక్కు తిప్పుత, రెండు గుట్టల నడుమ చెరువు లెక్క ఉంటది, జనం తక్కువ, పెద్దావిడ కారుల కూసోనే చూడొచ్చు.

మధ్యాహ్నం బిర్యానీ పార్సిల్ కట్టుకపోదాం అనుకుంటే మటుకు వద్దు. పొద్దుగాల కట్టిన మటన్ బిర్యానీ ఎండల కారుల ఉంటే ఒంటిగంటకు వాసన కొడతది, పిల్లల కడుపులు పాడైతయి. సర్వపిండి, ఉడకబెట్టిన గుడ్లు, అరటిపండ్లు పెట్టుకోండి. చేపలు అక్కడ వేడివేడిగా.

టీడీగుట్ట అక్క:
వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడిన. మా గిన్నెల్లో తింటమన్నరు, రొయ్యలు వద్దన్నరు, దర్గాకు పెద్దావిడ ఒక్కరే వస్తరంట. సోమశిల, సాగర్, ఫరహాబాద్ కొట్టేసిన. డ్రైవరన్నా, ఆదివారం మీ బండి ఖాళీగా ఉందా?

ట్రావెల్స్ డ్రైవర్:
ఉంది అక్కా. ఏడు సీట్లది తెస్త, పెద్దావిడకు ముందు సీటు. పొద్దుగాల ఆరున్నరకు మీ గల్లీల ఉంట.

పాలమూరు భాయ్:
అక్కా, చేపల కాడ బొచ్చె, రవ్వల ముండ్లు ఎక్కువ. పిల్లలకు కొరమీను అడిగి తీసుకోండి, రేటు ఎక్కువే గానీ గొంతుల ఇరుక్కునే బాధ ఉండదు.