మహాసభ నివేదికలో ముందు ఏది ఉండాలి: క్రమశిక్షణా, నిరుద్యోగమా?

డిండి వాగు:
మా జిల్లా మహాసభ ముసాయిదా నివేదిక చేతికి వచ్చింది. ఏ పార్టీ అని అడగకండి, రెండు కమ్యూనిస్టు పార్టీల్లో ఒకటి. మొదటి అధ్యాయం ‘నిర్మాణం, క్రమశిక్షణ’. తర్వాత కార్మికరంగం. యువతలో నిరుద్యోగం చివరి పేజీలో ఒక్క పేరా. మా ఊరి పిల్లలు హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్నారు. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రాల లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాస్తే దాన్ని హైకోర్టు రద్దు చేసింది. ఆ పిల్లల దగ్గరికి వెళ్ళి కమిటీ సమావేశాలకు వేళకు రావడం గురించి చెప్పమంటారా? ఈ వరుస మార్చాలంటాను.

పాత లెవీ రసీదు:
వరుస సరిగ్గానే ఉంది. నకిరేకల్‌లో నర్రా రాఘవరెడ్డి గారు ఆరుసార్లు ఎమ్మెల్యే అయింది నిరుద్యోగం మీద పేరాలు రాసి కాదు. ఊళ్ళలో శాఖలు ఉండేవి, నెలనెలా లెవీ, అంటే పార్టీ చందా, కట్టేవారు, సమావేశంలో తీర్మానం ఓడిపోయినవాడు కూడా మర్నాడు అదే తీర్మానానికి జెండా పట్టుకుని తిరిగేవాడు. ఇప్పుడు ప్రతివాడూ ఫోనులో ఒక కార్యదర్శి. 1952లో రావి నారాయణరెడ్డి గారు కమ్యూనిస్టు పార్టీ టికెట్ మీద నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నది ఈ నల్లగొండలోనే. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చింది? కట్టుబాటు నుంచి.

తేదీల తాత:
కమ్యూనిస్టు పార్టీ టికెట్ మీద కాదు. అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో పార్టీపై నిషేధం ఉంది. ఆయన పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థి.

పాత లెవీ రసీదు:
పీడీఎఫ్ అంటే మరి ఎవరండీ? పేరు వేరు, మనుషులు వారే.

తేదీల తాత:
మనుషులు వారే అనడం కుదరదు. అది ప్రజాస్వామిక ఫ్రంటు, అందులో పార్టీ సభ్యులు కానివారూ ఉన్నారు. మీరు కట్టుబాటుకు ఉదాహరణగా చూపించింది ఒక కూటమి గెలుపు.

ఎర్రమట్టి:
మళ్ళీ 1952కి వెళ్ళిపోయారు. అక్కడ ఉద్యోగాలేమైనా ఉన్నాయా?

డిండి వాగు:
కట్టుబాటు గురించే మాట్లాడదాం. 2014లో దేవరకొండ నుంచి సీపీఐ కంకి కొడవలి గుర్తుపై గెలిచిన ఎమ్మెల్యే రెండేళ్ళు తిరగ్గానే టీఆర్ఎస్‌లో చేరారు. 2022 మునుగోడు ఉపఎన్నికలో రెండు పార్టీలూ కలిసి అదే టీఆర్ఎస్‌కు ఓటు వేయమన్నాయి. ఏడాది తిరిగేసరికి ఒక పార్టీ కాంగ్రెస్‌తో కలిసి కొత్తగూడెం ఒక్కటి తీసుకుంది, ఇంకొకటి ఒంటరిగా నిలబడి ఒక్క సీటూ గెలవలేదు. వీటికి సంజాయిషీ అడిగినవారు లేరు. శాఖలో ఒక కుర్రవాడు నోరు తెరిస్తే మాత్రం క్రమశిక్షణ గుర్తుకు వస్తుంది.

పాత లెవీ రసీదు:
మునుగోడు నిర్ణయం బీజేపీని ఆపడానికి పై కమిటీలు చర్చించి తీసుకున్నది. మీకు నచ్చకపోవచ్చు. నాకూ పూర్తిగా నచ్చలేదు, అయినా గడపగడపకూ తిరిగాను. అదీ క్రమశిక్షణంటే. అసలు విషయం మీరెందుకు దాస్తున్నారు? మీకు నోటీసు వచ్చిందని, అది నివేదిక వరుసను ప్రశ్నించినందుకు కాదని ఇక్కడ చదివేవారికి చెప్పండి.

పోచంపల్లి మగ్గం:
ఒక చిన్న మాట. నేను డిప్లొమా చదివి చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తున్నాను. కొన్ని నెలలకోసారి మా పేర్లు తీసేసి కొత్తగా చేర్చుకుంటారు. సంఘంలో చేరతామంటే పర్మనెంటు వారికే సభ్యత్వమన్నారు. నివేదికలో నేను కార్మికరంగం కింద వస్తానా, నిరుద్యోగం కింద వస్తానా?

డిండి వాగు:
దాచడానికేమీ లేదు. నోటీసు వచ్చింది. మిర్యాలగూడ దగ్గర ఒక రైసుమిల్లు గేటు ముందు ‘స్థానికులకే పని’ అని బ్యానరు కట్టి కూర్చున్నాం, కమిటీని అడగలేదు. అడిగితే ఒప్పుకోరని తెలుసు. మా నాన్న ఆ మిల్లులోనే హమాలీ. బస్తాకు రేటు పెంచమని మా ఊరివాళ్ళు పని ఆపారు. మాట్లాడుతున్నాం, ఓపిక పట్టమని సంఘం చెప్పింది. ఆ తర్వాతి సీజనుకు బీహార్ నుంచి హమాలీల ముఠా దిగింది. నడుము పోయిన మనిషికి ఓపిక తప్ప ఏమీ మిగల్లేదు. నేను బీకాం చదివాను. కాంటా దగ్గర లెక్కలు రాసే పని అయినా ఇమ్మని అడిగితే ఆ మిల్లువాళ్ళు నా ఇంటి పేరు విని ‘మీరు గొడవలవాళ్ళు’ అన్నారు.

పాత లెవీ రసీదు:
మీ నాన్నగారి సంగతికి బాధపడుతున్నాను. కానీ ఆ బీహార్ హమాలీలు ఇప్పుడు మన సంఘం సభ్యులు. పొట్ట చేతపట్టుకుని వచ్చి మిల్లు షెడ్డులోనే పడుకునేవారు. మీరు గేటు మూసింది యజమాని మీద కాదు, వాళ్ళ మీద. ఆ రోజు వాళ్ళకు కూలి పోయింది, యజమానికి ఒక రోజు ధాన్యం ఆలస్యమైంది, అంతే. ఎర్రజెండా కింద ఆ బ్యానరు కడితే నోటీసు ఇవ్వక దండలు వేయాలా?

మక్తల్ వాసి:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. మాది పాలమూరు. మా ఇంట్లో రెండు తరాలు గుంపు మేస్త్రీ వెంట ముంబై, పుణె వెళ్ళి మట్టి మోశాయి. అక్కడ దక్షిణాదివాళ్ళు వెళ్ళిపోవాలని 1960లలో శివసేన గొడవ చేసిందని అందరికీ తెలుసు. ఆ రోజు మా తాతను తరిమినవారి మాటే మీ బ్యానరు మీద ఉంది. తమ్ముడూ, నీ కోపం సరైనదే, గురి తప్పింది.

డిండి వాగు:
అన్నా, మీ తాత కష్టం కాదనను. కానీ ముంబైలో మీ తాతను తక్కువ కూలికి పెట్టుకున్నది కూడా యజమానే కదా. దాని వల్ల పని పోయిన అక్కడి కూలీకి ఎవరేం చెప్పారు? అతనికి జవాబు చెప్పకపోతేనే అలాంటి పార్టీలు పుడతాయి. ఇక్కడా పుడుతున్నాయి. మా వాడలో మొన్నటి దాకా మన యువజన సంఘంలో తిరిగిన పిల్లలు ఇప్పుడు ఏ జెండా పట్టుకున్నారో వచ్చి చూడండి.

పాత లెవీ రసీదు:
జవాబు ఉంది. వలస కార్మికుల 1979 చట్టం ప్రకారం అదే పనికి స్థానికుడి కంటే తక్కువ ఇవ్వకూడదని ఉండేది. దాన్ని అమలు చేయించి ఉంటే బీహార్ నుంచి మనుషులను దింపడం వల్ల యజమానికి లాభమే ఉండేది కాదు. 2025 నవంబరు 21 నుంచి దాన్ని కూడా కొత్త కార్మిక కోడ్‌లలో కలిపేశారు, ఇక మరింత కష్టం. మీరు అడిగే స్థానిక కోటా హర్యానాలో 75 శాతమని పెట్టారు, 2023 నవంబరులో హైకోర్టు కొట్టేసింది.

డిండి వాగు:
చట్టం 1979లో వస్తే మన సంఘం ఆ మిల్లులో దాని పేరెత్తింది ఎప్పుడు? ఆ ముఠా దిగిన రోజున ‘ఒకే పని, ఒకే కూలి’ అని గేటు ముందు కూర్చుని ఉంటే మా నాన్న, ఆ బీహార్ మనిషి పక్కపక్కన కూర్చునేవారు. మీరు కూర్చోలేదు. మేము కూర్చుంటే నోటీసు ఇచ్చారు.

ఎర్రమట్టి:
దీనికి జవాబు చెప్పండి లెవీ గారూ.

పాత లెవీ రసీదు:
ఆ సీజనులో సంఘానికి ఆ మిల్లులో బలం లేదు. సగంమంది చందా కట్టలేదు, పిలుపు ఇస్తే పదిమంది రారు. అందుకే నిర్మాణం ముందు అంటున్నాను, మీకు అర్థం కావడం లేదు.

డిండి వాగు:
బలం లేకపోయింది గనుక పోరాడలేదు, పోరాడలేదు గనుక బలం రాలేదు. నేను సవరణ పంపుతున్నాను: క్రమశిక్షణ అధ్యాయం చివరికి, కాంట్రాక్టు కార్మికులకూ నిరుద్యోగులకూ సభ్యత్వం మొదటికి, మిల్లుల్లో సమాన కూలి కోసం తేదీతో సహా కార్యక్రమం. పోచంపల్లి అక్క అడిగిన ప్రశ్న కూడా అందులో పెడతాను.

పాత లెవీ రసీదు:
పంపండి. సమాన కూలికి నేనే మద్దతిస్తాను. ‘స్థానికులకే’ అన్న మాట అందులో ఎక్కడైనా కనిపిస్తే వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను. నోటీసుకు జవాబు గడువులోగా ఇవ్వండి, అది వేరే విషయం.

డిండి వాగు:
వేరే విషయం కాదు. జవాబులో ఇదే సవరణ రాసి పంపుతాను.