వంగిన ప్లాస్టిక్ సస్పెన్షన్ ఆర్మ్‌ను వేడినీళ్లలో సరిచేయాలా, పారేయాలా?

శ్రావణ్_ఆర్‌సీ (హైదరాబాద్)
నాది రిమోట్‌తో నడిపే బొమ్మ ట్రక్ (ఆర్‌సీ), అసలు బండిలో పదో వంతు సైజున్న 1/10 షార్ట్ కోర్స్ మోడల్. జంప్ నుంచి దిగేటప్పుడు బరువంతా వెనక కుడి చక్రం మీద పడింది. ఆ పక్క కింది ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే ప్లాస్టిక్ చేయి) వెనక్కి వంగింది. విరగలేదు, చీలలేదు. చక్రం మాత్రం బయటికి చూస్తోంది, థ్రాటిల్ ఇవ్వగానే బండి ఒక పక్కకి లాగుతోంది. మరిగే నీళ్లలో వేసి తిన్నగా చేసుకోమని కొందరు, వంగిందంటే ఇక పనికిరాదని కొందరు చెప్తున్నారు. కొత్త జత బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. ఆర్మ్‌ల ధర కన్నా షిప్పింగ్, కస్టమ్స్ ఖర్చే ఎక్కువ. ఏం చేయమంటారు?

ట్రాక్_మార్షల్
మార్చెయ్ తమ్ముడూ. హబ్ (చక్రం బిగించే భాగం), షాక్ అబ్సార్బర్, చక్రం అన్నీ ఆ ఆర్మ్ చివరే వేలాడుతుంటాయి. నువ్వు కంటి అంచనాతో సరిచేస్తే టోలో, అంటే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణంలో, అర డిగ్రీ తేడా మిగిలిపోతుంది. ఆ తేడా రిమోట్ మీది స్టీరింగ్ ట్రిమ్ సర్దుబాటుతో పోదు. పైగా ఒకసారి లొంగిన చోటే మళ్లీ లొంగుతుంది. అది పరుగు మధ్యలో విరిగితే డ్రైవ్ షాఫ్ట్‌నీ షాక్‌నీ కూడా పాడుచేస్తుంది. ఆదా చేసిందంతా అక్కడే పోతుంది.

పాలిమర్_పంతులు (విశాఖ)
మార్షల్ గారూ, రేసు బండి విషయంలో మీ మాట కాదనను. కానీ వంగిన ప్రతి ఆర్మ్‌నీ చెత్తబుట్టలో వేయమనడం నాకు నచ్చదు.

శ్రావణ్, ముందు ఆర్మ్ సంగతి పక్కన పెట్టి హింజ్ పిన్, అంటే ఆర్మ్ ఊగడానికి ఆధారంగా ఉండే ఉక్కు కడ్డీ, బయటికి తీయి. గాజు పలక మీద దొర్లించి చూడు. కింద సందు కనిపిస్తూ, మూసుకుపోతూ ఉంటే పిన్ వంగినట్టే. ఆర్మ్ వంగిందని జనం తెచ్చే బండ్లలో చాలాసార్లు అసలు దోషి ఈ ఉక్కు పిన్నే.

పిన్ తిన్నగానే ఉంటే ఆర్మ్‌ను మంచి వెలుతురులో చూడు. వంగిన చోట తెల్లటి గీత ఉందా? ఉంటే ప్లాస్టిక్ లోపల సన్నటి పగుళ్లు మొదలయ్యాయని అర్థం, దాన్ని ఏ వేడీ అతకదు. అది పారేయాల్సిందే. గీత లేకపోతే ప్రయత్నించడంలో తప్పేమీ లేదు.

ఎందుకంటే ఈ ఆర్మ్‌లలో ఎక్కువ భాగం నైలాన్‌వి. నైలాన్ 66 కరగాలంటే దాదాపు 260 డిగ్రీల సెల్సియస్ కావాలి, నైలాన్ 6కి సుమారు 220. కానీ అది బిగుతు వదలడానికి అంత వేడి అక్కర్లేదు. 100 డిగ్రీల నీళ్లలో కరగకుండానే మాట వినే స్థితికి వస్తుంది.

బయటికి తీసి చేత్తో వంచి వదిలేస్తే మళ్లీ పాత వంపుకే వెళ్తుంది. అందుకే చాలామంది ఈ పద్ధతి పనిచేయదనుకుంటారు. తిన్నగా ఉన్న పిన్ రంధ్రంలో పెట్టి, ఆర్మ్‌ను చదునైన అల్యూమినియం పట్టీకి క్లాంపులతో బిగించు. వంపుకు ఎదురు వైపు పిసరంత ఎక్కువే వంచి బిగించు. దాన్ని అలాగే కొన్ని నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి, బిగించిన స్థితిలోనే చల్లారనివ్వు. హీట్ గన్ మాత్రం వద్దు. అది ఒక మూలను కాల్చేస్తుంది, పక్క మూలను తాకనైనా తాకదు.

డాలస్_బ్యాషర్
పంతులు గారు చెప్పింది మెత్తటి నైలాన్‌కి సరిపోతుంది. గాజు పోగులో కార్బన్ పోగులో కలిపిన గట్టి ఆర్మ్‌ల సంగతి వేరు. అవి వంగడం కన్నా ముందు విరుగుతాయి. అలాంటిది వంగి ఉందంటే లోపల పోగులు ఇప్పటికే దెబ్బతిని ఉంటాయని నా అనుమానం. దాన్ని ఉడకబెట్టమని నేనైతే చెప్పను. దూకించే బండికి ఆర్‌పీఎం అనే కంపెనీ వాళ్ల నైలాన్ ఆర్మ్‌లు వేసుకుంటాను. అవి దెబ్బకి ఒంగి తిరిగి వస్తాయి.

ట్రాక్_మార్షల్
పంతులు గారూ, ఒక సంగతి మీరు వదిలేశారు. వేడినీళ్లలో నైలాన్ నీటిని పీల్చుకుంటుంది. దెబ్బ తట్టుకునే శక్తి పెరుగుతుంది, నిజమే. కానీ బిగువు తగ్గుతుంది, కొలత కూడా కొద్దిగా పెరుగుతుంది. కుడి ఆర్మ్ మెత్తగా, ఎడమది గట్టిగా ఉంటే ఆ బండి మలుపుల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది.

పాలిమర్_పంతులు
ఇది సరైన అభ్యంతరం. అందుకే నేను రెండు ఆర్మ్‌లనూ ఒకేసారి, ఒకే గిన్నెలో వేస్తాను. పిన్ బిగుసుకుంటే 3 మి.మీ. రీమర్‌ను (రంధ్రాన్ని సాపు చేసే పనిముట్టు) చేత్తో తిప్పి రంధ్రం సరిచేస్తాను. షాక్ ఊడదీసి ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే దాని బరువుకే కిందికి జారాలి. జారకపోతే పని పూర్తి కానట్టే.

టామియా కంపెనీ టీటీ-02 లాంటి, మనమే బిగించుకునే ఆర్‌సీ కారు కిట్లలో ఆర్మ్‌లు మిగతా భాగాలతో కలిసి ఒకే ప్లాస్టిక్ చట్రంలో వస్తాయి. ఒక ఆర్మ్ కోసం చట్రం మొత్తం కొనమంటే మన దగ్గర చాలామంది హాబీయే మానేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. ఇంకో మాట, మే నెల ఎండలో మూసిన కారు డిక్కీలో బండిని చక్రాల మీద నిలబెట్టి వదలకండి, ఆ వేడికి మెత్తబడ్డ ఆర్మ్‌లు బండి బరువుకి వంగొచ్చు. స్టాండ్ మీద పెట్టి చక్రాలు వేలాడనివ్వండి.

శ్రావణ్_ఆర్‌సీ
పిన్ దొర్లించాను, కాస్త వంగింది. ఆర్మ్‌లోనూ వంపు ఉంది, తెల్ల గీత లేదు. బిగించి వేడినీళ్లలో పెట్టాలనుకుంటున్నా.

ట్రాక్_మార్షల్
అయితే కొత్త పిన్ వచ్చాకే ఆ పని పెట్టుకో. వంగిన పిన్ లోపల ఉంచి బిగిస్తే ఆర్మ్ కూడా ఆ వంకరలోనే కుదురుకుంటుంది. ఇంటి దగ్గర నడపడానికి సరిచేసిన ఆర్మ్ వాడుకో, నాకు అభ్యంతరం లేదు. రేసుకి వస్తే మాత్రం కొత్త జతతోనే రా.