లైవ్ స్కానర్ల వేలిముద్రలు 'క్వాలిటీ తక్కువ' అని రిజెక్ట్ అయితున్నయ్ (వరంగల్ వైపు ఠాణా)

కాజీపేట_సర్వీస్:
అన్నలకు నమస్తే. మా దగ్గర ఒక ఠాణాల లైవ్ స్కానర్ చూస్తున్న. నాలుగు వేళ్లు ఒక్కసారే పెట్టే పెద్ద గ్లాసు రకం, 500 పీపీఐ, విండోస్ పీసీకి యూఎస్‌బీ కనెక్షన్. క్వారీ కూలీలవి, మిర్చి హమాలీలవి రోల్ (వేలిని పక్క నుంచి పక్కకు దొర్లిచ్చి తీసే ముద్ర) తీస్తే క్వాలిటీ స్కోరు 4, 5 వస్తుంది, సాఫ్ట్‌వేర్ తీసుకుంటలేదు. ఒకరి తర్వాత ఒకరివి తీస్తే ముందోళ్ల గీతలు పల్చగ కింద కనబడుతున్నయ్. ఇంకోటి, పేరు, తండ్రి పేరు, కేసు నంబరు సర్వర్‌కు మంచిగనే పోతున్నయ్ గని ముద్రల బొమ్మలు క్యూలనే ఆగుతున్నయ్. డ్రైవర్ రెండుసార్లు తీసేసి మళ్ల ఎక్కించిన, ఏం ఫరక్ లేదు. స్కానర్ మార్చాల్నని రాయమంటున్నరు. రాయాల్నా?

గాజుబిళ్ల:
ఇప్పుడే రాయకండి. ముందు స్టేషన్‌లో రాతపని చేసే ఎవరిదైనా, గీతలు బాగున్న చూపుడు వేలు పెట్టించండి. దానికి 1 లేదా 2 వస్తే యంత్రం బాగున్నట్టే, తేడా వేళ్లలో ఉంది. దానికీ 4 వస్తే గ్లాసు చూడాలి. ఒక జాగ్రత్త: పాత ఎన్‌ఎఫ్‌ఐక్యూలో (ముద్ర నాణ్యతకు మార్కు వేసే పద్ధతి) 1 మంచిది, 5 చెడ్డది. ఎన్‌ఎఫ్‌ఐక్యూ 2 అయితే 0 నుంచి 100 దాకా, ఎక్కువ ఉంటేనే మంచిది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఏది నడుస్తోందో చూసుకోండి.

ముందోళ్ల గీతలు కనబడేది గ్లాసు మీద మిగిలిన జిడ్డు వల్ల. లోపలి వెలుగు గ్లాసు పైతలానికి తగిలి మొత్తం వెనక్కి వస్తుంది. చర్మం అంటిన చోట మాత్రం రాదు, అక్కడ బొమ్మ నల్లగా పడుతుంది. చెమట, నూనె కూడా గ్లాసుకు చర్మంలాగే అంటుతాయి, అందుకే వెళ్లిపోయిన మనిషి వేలు ఇంకా అక్కడే ఉన్నట్టు చూపిస్తుంది.

తుడిచేముందు యూఎస్‌బీ పీకేయండి. క్వారీ కూలీలు వచ్చే చోట పొడిగుడ్డతో రుద్దనే వద్దు. గ్రానైట్ పొడిలో ఉండే క్వార్ట్జ్ గాజుకన్నా గట్టిది, సన్నటి గీరలు పడితే ఇక పోవు. పారదర్శకమైన టేప్ ముక్క అంటించి, పైకి లేపి, ముందు దుమ్ము తీసేయండి. తర్వాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మైక్రోఫైబర్ గుడ్డ మీద రెండు మూడు చుక్కలు వేసి, ఒకే దిక్కుకు తుడవండి. గ్లాసు మీద నేరుగా స్ప్రే కొడితే అంచు సీలు సందులోంచి లోపలికి దిగుతుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ వద్దు. పైన మెత్తటి సిలికాన్ పొర ఉన్న మోడల్ అయితే మాన్యువల్ చూడకుండా ఆల్కహాల్ కూడా ముట్టించొద్దు.

తుడిచాక గ్లాసు పూర్తిగా ఆరనిచ్చి, కాలిబ్రేషన్ (ఖాళీ గ్లాసు ఎలా ఉంటుందో యంత్రానికి చూపించడం) మళ్లీ చేయండి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. మురికి గ్లాసు మీద కాలిబ్రేషన్ చేస్తే ఆ మరకనే ఖాళీ గ్లాసు అనుకుంటుంది. ఆ తర్వాత ఎవరి వేలు పెట్టినా అదే చోట తెల్లమచ్చ వస్తుంది.

ఇంకా ఒకటి. ఎండాకాలం కూలర్ గాలి స్కానర్ మీదికి వస్తుంటే పక్కకు తిప్పండి, అందులో తేమ ఉంటుంది. చలికాలం పొద్దున గ్లాసు చల్లగా ఉంటే వేలి తేమ చుట్టూ ఆవిరిలా పడుతుంది. యంత్రం ఆన్ చేసి కాసేపు వేడెక్కనిచ్చి మొదలుపెట్టండి.

టెన్‌డిజిట్:
గ్లాసు సంగతి అన్న చెప్పారు, నేను వేళ్ల సంగతి చెప్తాను.

పొడిబారిన వేలికి గీతలు చుక్కలు చుక్కలుగా తెగి వస్తాయి. తడిగుడ్డతో అద్ది, అర నిమిషం ఆగి తీయండి, లేదా ఆ వేలినే నుదుటి మీద ఒకసారి రుద్దమనండి, ఆ జిడ్డు చాలు. మిర్చి బస్తాలు మోసినవాళ్లకు ముందు సబ్బుతో కడిగించి పూర్తిగా తుడిపించండి, లేకుంటే కారం పొడి గ్లాసుకు అంటుతుంది. ఇక బీడీలు చుట్టే అమ్మలవి, క్వారీ వాళ్లవి వేరే సంగతి. అక్కడ గీతలే అరిగి ఉంటాయి. రాలేదని ఇంకా గట్టిగా ఒత్తేస్తాం, అది తప్పు. అరిగిన గీతను ఒత్తితే మధ్య సందులు మూసుకుపోయి నల్లటి మచ్చ మిగులుతుంది. తేలికగా ఆనించాలి.

రోల్ గోటి అంచు నుంచి గోటి అంచు దాకా, ఒక్కసారే, ఒకే దిక్కుకు. బొటనవేళ్లు మనిషి ఒంటి వైపు, మిగతా వేళ్లు బయటికి తిప్పాలి. అలా అయితే చెయ్యి మెలిక నుంచి సుఖంగా ఉండే దిక్కుకు వస్తుంది, జారదు. మనిషి పక్కన నిలబడి చెయ్యి వదులుగా ఇవ్వాలి, వేలు తిప్పేది మీరే. ఆయన సాయం చేద్దామని తనే తిప్పితే ముద్ర సాగుతుంది. స్కానర్ బల్ల మోచేతి ఎత్తులో ఉంటే మీకూ, ఆయనకూ తేలిక.

సీక్వెన్స్ ఎర్రర్ (వేళ్ల వరస తప్పిందని) వస్తే కుడి ఎడమ మారిందా చూడండి. వేలు తెగినా, కట్టు ఉన్నా ఆ గడిలో అలాగే గుర్తు పెట్టాలి. ఖాళీ నింపాలని పక్క వేలు పెట్టడం మహా తప్పు.

దయచేసి 'ఫోర్స్ యాక్సెప్ట్' (స్కోరు తక్కువున్నా బలవంతంగా తీసుకోమనడం) అలవాటు చేసుకోకండి. 2022 గుర్తింపు చట్టం ప్రకారం ఈ రికార్డు 75 ఏళ్లు ఉంటుంది. నాఫిస్‌లో (దేశవ్యాప్త పోలీసు వేలిముద్రల వ్యవస్థ) ఒక్కో మనిషికి 10 అంకెల నంబరు వస్తుంది. ముద్ర చెడిపోతే పాత రికార్డుతో కలవక అదే మనిషికి రెండో నంబరు పుట్టవచ్చు. రేపు ఇంకో జిల్లాలో దొరికిన చాన్స్ ప్రింట్ (నేరం జరిగిన చోట దొరికే ముద్ర) దీనికి తగలకుండా పోవచ్చు. మూడుసార్లు తీసి, మూడింట్లో మంచిది ఉంచి, కారణం రాయండి.

లైన్‌మ్యాన్_నెట్:
క్యూ సంగతి. ముందు ఫైల్ సైజు చూడండి. ఒక రోల్ ముద్ర 800 × 750 పిక్సెల్స్, అంటే 6 లక్షల బైట్లు. డబ్ల్యూఎస్‌క్యూతో (వేలిముద్రల బొమ్మలు కుదించే పద్ధతి) 15 వంతుల్లో ఒక వంతుకు కుదిస్తే సుమారు 40 కేబీ. పది వేళ్లకు 400 కేబీ. నాలుగు వేళ్ల బొమ్మలు రెండు, బొటనవేళ్లది ఒకటి, ఒక్కొక్కటి 160 కేబీ దాకా. మొత్తం ఒక ఎంబీ లోపే రావాలి. మీ దగ్గర 13 ఎంబీ చూపిస్తే కుదింపు ఆఫ్‌లో ఉన్నట్టే.

సైజు సరిగ్గా ఉండి చిన్న సమాచారం పోయి పెద్దది ఆగుతుంటే నా అనుమానం ఎంటీయూ మీద, అంటే నెట్ దారిలో ఒక్క ప్యాకెట్‌గా పోగలిగే పెద్ద సైజు. కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ పక్కన మైనస్ ఎఫ్, మైనస్ ఎల్ 1472 పెట్టి సర్వర్ అడ్రసు కొట్టండి. ముక్క చేయాలి అంటే లేదా జవాబు రాకపోతే 1472 తగ్గిస్తూ పోండి. పోయిన పెద్ద అంకెకు 28 కలిపితే మీ దారి ఎంటీయూ. పీసీ తేదీ కూడా చూడండి. మదర్‌బోర్డు బ్యాటరీ, సీఆర్2032, అయిపోతే తేదీ వెనక్కి పోయి సర్వర్ సర్టిఫికెట్ ఒప్పుకోదు. కానీ అప్పుడు పేర్లు కూడా పోవు, కాబట్టి మీది అది కాకపోవచ్చు.

ఎంత ఆలస్యమైనా ముద్రలు పెన్‌డ్రైవ్‌లో, వాట్సాప్‌లో పంపొద్దు.

కాజీపేట_సర్వీస్:
చేసి చూసిన. రైటర్ సార్ వేలికి 2 వచ్చింది, అంటే మిషన్ మంచిగనే ఉంది. టేప్ పెడితే గ్లాసు మీద నుంచి బూడిద రంగు పొడి లేచింది. తుడిచి కాలిబ్రేషన్ చేసినంక పాత గీతలు కనబడుతలేవు. పింగ్ 1472 పోలేదు, 1372 దగ్గర పోయింది.

లైన్‌మ్యాన్_నెట్:
1372కు 28 కలిపితే 1400. వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసే రక్షిత దారి) దారిలో మామూలే. మీ అంతట మీరు మార్చకుండా ఈ అంకె రాసి ఐటీ కోర్ టీంకు పంపండి. వాళ్లు సెట్ చేశాక క్యూలో ఉన్నవి ఒక్కొక్కటిగా మళ్లీ పంపండి, పాతవి ముందు.