అమోనియా లీకైతే మెసేజ్ ముందు ఎవరికి పోవాల?

కర్నూలు_స్టోరేజీ: మా కోల్డ్ స్టోరేజీలో అమోనియా సెన్సార్లు పెట్టిస్తున్నాం, గ్యాస్ తగలగానే సైరన్ మోగి ఫోన్‌కు మెసేజ్ వస్తుందంట. ఓనరు తన నంబరొక్కటి చాలంటున్నాడు. మీ దగ్గర ఎట్లా?

గుత్తి_రోడ్: అర్ధరాత్రి ఆయన ఫోన్ సైలెంట్‌లో ఉంటే ఇంకేముంది! మాకు ముందు షిఫ్ట్ ఆపరేటర్‌కు కాలే వస్తుంది, ఎత్తి ఒకటి నొక్కాల, నొక్కకపోతే కాసేపటికి ఫిట్టర్‌కు, ఆ తర్వాత మేనేజర్‌కు పోతుంది. వాట్సాప్ గ్రూపును మాత్రం నమ్ముకోవద్దండీ. అందరూ చూస్తారు, ఎవరో ఒకరు పోయింటార్లే అనుకుంటారు.

డోన్_ఫిట్టర్: రెండు లెవెల్స్ పెట్టించండన్నా. 25 పీపీఎం (అంటే గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్ల గ్యాస్) దగ్గర లోపలివాళ్లకే, అది పెరుగుతుంటే 112కు కూడా. 300 అంటే ప్రాణాల మీదికొచ్చినట్టే, అంతదాకా ఆగకూడదు. ఇంకోటి, కంప్రెసర్ ఆయిల్ తీసినప్పుడల్లా కాస్త గ్యాస్ బయటికొచ్చి సైరన్ కొడుతుంది. మా పాత ప్లాంటులో విసుగొచ్చి ఒకాయన సైరన్ వైరే పీకేసి టేపు చుట్టిపెట్టాడు. ఆడిటింగ్‌కు వచ్చినాయన దాకా ఎవరికీ తెలీదు. ఆయిల్ తీసేటప్పుడు అరగంట ఆపుకునే బటన్ ఉండాల, దానంతటదే మళ్లీ ఆన్ కావాల.

కడప_ట్యాంకర్: హైవే మీద ట్యాంకర్ పడితే ఇంకా కష్టం. జీపీఎస్ బండి ఎక్కడుందో చెప్తుంది గానీ లోపల ఏముందో చెప్పదు కదా. వెనక ప్యానెల్ మీద నంబరు చూసి 112కు అదే చెప్పండి: 1005 అమోనియా, 1017 క్లోరిన్, 1830 సల్ఫ్యూరిక్ యాసిడ్. ‘ఏదో గ్యాస్ బండి పడింది’ అంటే ఫైర్‌వాళ్లు ఏం తెచ్చుకుంటారు పాపం.

అనంత_సేఫ్టీ: పెద్ద ప్రమాదమైతే 48 గంటల్లో అధికారులకు తెలపాలని ప్రమాదకర రసాయనాల 1989 రూల్స్‌లో ఉంది, కొందరు దాన్నే అలర్ట్ అనుకుంటారు. అది కాగితం పని. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ లీకైనప్పుడు ఫ్యాక్టరీలో సైరన్లు ఉన్నాయి, మోగించినవాళ్లే లేరు. గాలి ఎటుందో కూడా సెన్సార్‌కు తెలీదు, మేం రూఫ్ మీద గుడ్డ గొట్టం కట్టాం, వాచ్‌మన్ దాన్ని చూసి జనాన్ని గాలికి అడ్డంగా పంపిస్తాడు.

కర్నూలు_స్టోరేజీ: ఆపరేటర్‌కు కాల్ పెట్టిస్తా. పక్క కాలనీకి తెలుగులో ఎస్సెమ్మెస్ పోతుందా?

గుత్తి_రోడ్: పోతుంది, కానీ తెలుగులో 70 అక్షరాలు దాటితే ముక్కలవుతుంది, గుణింతాలూ లెక్కే. ‘అమోనియా లీక్. మూతికి తడిగుడ్డ. గాలికి అడ్డంగా పోండి’, అంతే పెట్టుకోండి.